పేటను బాగుచేసిన జేన్ ఆడమ్స్

లోకమున గొప్పవారని పేరు వడసినవారిలో కొందరు యుద్ధములలో జయము గాంచిరి. కొందరు రాజ్యము లేలిరి. కొందరు గ్రంథములు రచించిరి. చెత్తబండ్ల వెంట నడచి, సందులలోని కుప్పలను లెక్కించి, ఆ పనివలన గూడ కీర్తి గాంచినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో అమెరికా దేశపు వనిత జేన్ ఆడమ్స్ ఒకతె. 1931లో ప్రపంచశాంతికై చేసిన కృషికి నోబెల్ బహుమానమును పొందిన ఈమె, అంతకు 36 ఏండ్లకు పూర్వము చికాగో నగరమున ఒక పేదల పేటలో చెత్త తొలగింపును తనిఖీ చేయు ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగము చేసెను.

జేన్ ఆడమ్స్ 1860వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రమందలి సెడర్‌విల్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమర యజమాని, సత్యసంధుడని పేరుగన్నవాడు. ఆయన పెక్కేండ్లు రాష్ట్ర శాసనసభలో సభ్యుడుగా నుండెను. అబ్రహాం లింకను ఆయనకు మిత్రుడు. జేనునకు రెండేండ్లు నిండిన కొలదికాలమునకే తల్లి మరణించెను. బాల్యమున ఆమెకు వెన్నెముకకు సంబంధించిన వ్యాధి కలుగుటచే వెన్ను కొంచెము వంగెను. అందగాడైన తండ్రి ప్రక్కన తాను నడచినచో చూపరులు ఆయనను చులకనగా తలతురేమో యని ఆ చిన్నది వెరచి, నలుగురిలో ఆయనకు దూరముగా నడచుచుండెడిది. ఒకనాడు పట్టణపు నడివీథిలో తండ్రి ఆమెను జూచి, అందరి యెదుట తన టోపీ తీసి, గౌరవనీయులకు వందనము చేసినట్లు తలవంచి నవ్వెను. ఆనాటితో ఆ బాల మనసులోని వెరపు తొలగిపోయెను.

ఆమెకు ఏడేండ్లయినను నిండకమున్నే మరియొక సంగతి జరిగెను. తండ్రితో గూడ ఆమె సమీప పట్టణమునకు బోయి, అచట మర ప్రక్కనున్న పేదవాడను మొదటిసారి చూచెను. ఇరుకు సందులు, ఒకదాని నొకటి ఆనుకొనియున్న గుడిసెవంటి యిండ్లు ఆమె కంటబడెను. మనుష్యులు ఇట్టి యిండ్లలో ఇంత దగ్గర దగ్గరగా ఏల నివసింతురని ఆమె తండ్రి నడిగెను. ఆయన కారణము తెలిపెను. అది విని, తాను పెద్దదానినైన పిదప పెద్ద యిల్లు కట్టుకొందుననియు, దానిని గొప్పవారి మేడల నడుమ గాక ఇట్టి చిన్న యిండ్ల నడుమనే కట్టుకొందుననియు ఆమె పలికెను. పసిపిల్లల మాటలు సాధారణముగా గాలిలో గలసిపోవును. జేన్ పలికిన మాట మాత్రము నిజమాయెను.

ఆమె రాక్‌ఫర్డ్ పట్టణమందలి స్త్రీల విద్యాలయమున చదివి 1881లో ఉత్తీర్ణురాలాయెను. ఆ యేటనే తండ్రి మరణించెను. వైద్యవిద్య నభ్యసింపగోరి ఆమె ఫిలడెల్ఫియాలో చేరెను గాని, వెన్నునొప్పి మరల బాధింపగా చదువు మానవలసివచ్చెను. తరువాత ఆమె ఐరోపా దేశములకు యాత్ర సాగించెను. 1883లో లండను నగరపు తూర్పుభాగమున ఒక శనివారము రాత్రి ఆమె చూచిన దృశ్యము ఆమెను జీవితాంతము వెంటాడెను. ఆదివారమునకు నిలువయుండక చెడిపోవు కూరగాయలను వర్తకులు బండ్లపై నుంచి వేలము వేయుచుండిరి. ఆ కుళ్లిన కూరలకొరకు వందలకొలది పేదల చేతులు పైకి లేచుచుండెను. ఒకడు తనకు దక్కిన క్యాబేజీని అచటనే కూర్చుండి, కడుగకయే, ఉడుకకయే కొరికి తినెను. చూచి జాలిపడుటతో తన విధి తీరదని జేన్ తలచెను. కాని ఏమి చేయవలయునో ఆమెకు తోచలేదు.

1888లో ఆమె మరల లండనునకు బోయి, టాయిన్‌బీ హాలు అను సంస్థను జూచెను. అచట చదువుకొన్న యువకులు పేదల నడుమ నివసించుచు, వారికి విద్య గరపుచుండిరి. తాను వెదకుచున్న మార్గము జేనునకు దొరకెను. మరుసటి యేట ఆమె తన స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో గూడి చికాగో నగరమున హాల్‌స్టెడ్ వీథిలో ఒక పాత భవనమును తీసికొని, 1889 సెప్టెంబరు 18వ తేదీన అందు నివాసము ప్రారంభించెను. ఆ భవనమును కట్టించిన వాని పేరనే దానికి హల్ హౌస్ అను పేరు నిలిచెను.

ఆనాటి చికాగో మిక్కిలి వేగముగా పెరుగుచున్న నగరము. 1890 నాటి జనాభా లెక్కలలో అచటి జనసంఖ్య సుమారు 11 లక్షలు. హల్ హౌస్ ఉన్న 19వ వార్డున ఇటలీ, గ్రీసు, జర్మనీ, ఐర్లండు, రష్యా, బొహీమియా మున్నగు దేశములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు కిక్కిరిసి యుండిరి. జేన్ వారి పిల్లలకు శిశుపాఠశాలను, పెద్దలకు రాత్రిబడిని, పనికి బోవు తల్లుల బిడ్డలను చూచుకొను శాలను నెలకొల్పెను. అయినను ఆమె ఎంత చేసినను, గుమ్మము దాటి వీథిలో అడుగిడినంతనే దుర్గంధము ముక్కున గొట్టుచుండెను.

ఆ పేటలోని వీథులలో చెత్త వేయుటకై పెద్ద కొయ్యపెట్టెలు కాలిబాటకు బిగింపబడి యుండెను. అవి నిండి పొర్లుచుండెడివి. తోపుడుబండ్లపై పండ్లు, కూరగాయలు అమ్మువారు మిగిలి కుళ్లినవానిని సందులలో పారబోయుచుండిరి. చింకిగుడ్డ లేరువారు నగరపు చెత్తదిబ్బలనుండి గుడ్డలను మూటలుగ దెచ్చి ఇంటియొద్ద ఏరి, పనికిరానివానిని అచటనే విడుచుచుండిరి. కొందరు తమ గుఱ్ఱపుశాలల పెంటనుగూడ ఆ పెట్టెలలోనే కుమ్మరించుచుండిరి. అడుగులు వేయ నేర్చుకొను పసివాడు మొదట ఎక్కజూచునది ఆ పెట్టెనే. పెద్ద పిల్లలకు యుద్ధపుటాటలలో అదియే కోట. అందలి చెత్తయే వారికి ఆయుధము.

ఈ దుస్థితికి పేదల అజ్ఞానమొక్కటియే కారణము గాదు. చెత్తను తొలగించుటకు నగరపాలకులు కంట్రాక్టర్లకు సొమ్ము చెల్లించుచుండిరి. కంట్రాక్టరు తక్కువ బండ్లతో పని కానిచ్చి, లాభము మిగుల్చుకొనుచుండెను. దానిని తనిఖీ చేయవలసిన ఉద్యోగి కండ్లు మూసికొనుచుండెను. ఇండ్ల యజమానులు అద్దె వసూలు చేసికొనుచు, చెత్త వేయుటకు తగిన పాత్రలను మాత్రము సమకూర్పకుండిరి. చట్టము లేకపోలేదు, దానిని అమలు జరుపువారు లేకుండిరి. గొప్పవారి వీథులు శుభ్రముగ నుండెను. ఆ భేదము జేను మనసును కలచివేసెను.

ఆమె మొదట ఇరుగుపొరుగు స్త్రీలను సమావేశపరచి, వారికి బోధింప ప్రారంభించెను. వారిలో అనేకులు పల్లెలనుండి వచ్చినవారు. పల్లెటూరి యిల్లాలు తన వాకిలి నూడ్చి చెత్తను ఆవలికి నెట్టినచో అది యెండకు ఎండి, వానకు నాని, మట్టిలో గలసిపోవును. మన పల్లెలలో అది పెంటకుప్పలో చేరి, ఎరువై, పొలమునకు బలమిచ్చును. కాని జనము క్రిక్కిరిసిన పట్టణమున ఆవల అనునది లేదు. ఒకరి వాకిలికి ఆవల మరియొకరి వాకిలియే యుండును. చెత్తను తీసికొనిపోయి నిర్మూలింపనిచో ఈగలు ముసరును, వ్యాధులు పుట్టును, చివరకు తల్లులు తమ బిడ్డలనే కోల్పోవుదురు. కావున ఇల్లు ఊడ్చుకొనుటతోపాటు, నగరమును శుభ్రముగ నుంచుటకు అధికారులకు తోడ్పడుటయు గృహిణి ధర్మమే యని జేన్ వారికి వివరించెను. హల్ హౌస్‌లో చెత్తను కాల్చుటకు ఒక చిన్న కొలిమినిగూడ ఆమె ఏర్పాటు చేయించెను. నగర కార్యాలయమునకు అనేక పర్యాయములు ఫిర్యాదులు పంపెను. ఫలము కానరాలేదు.

ఇట్లుండ, తల్లి మరణించిన ఆమె మేనల్లుడొకడు ఆమె సంరక్షణకు వచ్చెను. వాడు దుర్బలుడు. ఆ దుర్గంధములో వానిని తన యొద్ద నుంచుకొనుట కుదరదని ఆమె గ్రహించి, వానిని దూరముగ నున్న బడికి పంపవలసివచ్చెను. అప్పుడామెకు ఒక తలంపు కలిగి సిగ్గుపుట్టించెను. తన మేనల్లుడు బడికి బోయెను. ఈ పేటలోని తల్లుల బిడ్డలు శ్మశానమునకే పోవుచుండిరి గదా! తన యింటి బిడ్డకు కష్టము వచ్చునంతవరకు తాను గట్టి ప్రయత్నమేల చేయలేదని ఆమె తన్ను తాను నిందించుకొనెను.

వెంటనే ఆమె పద్ధతి మార్చెను. మాటలతో చేసిన ఫిర్యాదును అధికారులు త్రోసివేయుదురు. లెక్కలతో చేసిన ఫిర్యాదును త్రోసివేయుట కష్టము. హల్ హౌస్ స్త్రీల సంఘమునుండి 12 మంది సభ్యురాండ్రు ముందుకు వచ్చిరి. వారు పగలంతయు ఇంటిచాకిరి చేసి అలసినవారు. అట్లయ్యు, వేసవి యెండలు మండు నెలలలో వారమునకు మూడు సాయంకాలములు ఆ మురికిసందులలో తిరిగి, ఏ యింటి వెనుక ఏమి పడియున్నదో, ఏ పెట్టె ఎన్ని దినములనుండి తీయబడలేదో వ్రాసికొనిరి. ఆగస్టు, సెప్టెంబరు మాసములలోనే వారు నగర ఆరోగ్యశాఖకు నివేదించిన చట్టోల్లంఘనములు 1,037. వారి పట్టుదలవలన ఆ వార్డునుండి ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు ఒకరి తరువాత ఒకరు బదిలీ చేయబడిరి. అయినను మరణములు తగ్గలేదు. చలికాలము గడచినను కుప్పలు కదలలేదు.

1895 వసంతకాలమున చెత్త తొలగింపు పనికి నగరపాలకులు టెండర్లు పిలిచిరి. జేన్ ఒక సాహసము చేసెను. ఇద్దరు పేరుగల వ్యాపారస్థులను అండగా గొని, 19వ వార్డు చెత్తను తొలగించు కంట్రాక్టును తనకే యిమ్మని టెండరు వేసెను. ఏదో నిబంధన లోపమును చూపి దానిని త్రోసివేసిరి. కాని ఈ వార్త నగరమంతట ప్రాకెను. మేయరు ఆమెను ఆ వార్డునకు చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించెను. ఏడాదికి వేయి డాలర్ల జీతము. అంతవరకు ఆ పదవిని తమ వారికి పంచిపెట్టుకొనుచున్న రాజకీయ నాయకులు కలతపడిరి.

జీతమునకై చేరినవారు చేయు విధమున ఆమె ఆ పని చేయలేదు. ఉదయము 6 గంటలకే లేచి, బండ్లవారు వేళకు పనిలోనికి దిగిరో లేదో చూచెను. నిండిన బండ్ల వెంట చెత్తదిబ్బ వరకు పోయెను. ఏలన, అవి దారిపొడుగున చెత్తను జారవిడుచుచు పోవుచుండెడివి. మునుపటి ఇన్‌స్పెక్టరు 7 బండ్లతోనే సరిపెట్టుకొననిచ్చెనని కంట్రాక్టరు మొరపెట్టుకొనెను. ఆమె వినక, బండ్లను 9 నుండి 13కును, 13 నుండి 17కును పెంచించెను. చెత్తపాత్రలు సమకూర్పని ఇంటి యజమానులను న్యాయస్థానమునకు ఈడ్చెను. గుఱ్ఱపుశాల పెంటను వీథిపెట్టెలలో పోసిన వానిని పట్టించెను. సందులలోనే చెత్తను కాల్చుటకు ఆరు కొలుములను ఏర్పాటు చేయించెను. పాత రేకుడబ్బాలను వాడుకొను కార్మాగారము నగరమున ఒకటే యుండగా, అది వాడుకొనగలదానికి పదిరెట్లు డబ్బాలను అచటికి పంపెను.

వీథులలో చచ్చి పడియున్న జంతువులను తొలగించుటకు నగరము ఒక కంట్రాక్టరునకు ధారాళముగ సొమ్మిచ్చుచుండెను. విచారింపగా, ఆ పనిని అతడు పోలీసుబండ్లచేత చేయించుచున్నాడని తేలెను. ఆ కళేబరములు రైలుమార్గమున మరియొక రాష్ట్రమందలి సబ్బు కార్మాగారమునకు మంచి వెలకు అమ్ముడుపోవుచుండెను. ఆ కార్మాగారమున పెద్ద వాటాదారు ఆ కంట్రాక్టరే! వీథిలోని చెత్తకును, పదవులలోని చెత్తకును గల సంబంధము జేనునకు అప్పుడు తేటతెల్లమాయెను.

ఒక ఇరుకువీథిలో నేలను త్రవ్వించి చెత్తను తీయించుచుండగా, 18 అంగుళముల లోతున రాళ్లు పరచిన బాట యొకటి బయటపడెను! అట్టి బాట కలదని అచటివారే యెరుగరు. వెదకి చూడగా నగరపు పాత దస్తావేజులలో అది నమోదయి యుండెను. పై 8 అంగుళముల చెత్తను తాను తీయించితిననియు, మిగిలినది తీసి బాటను బాగుచేయుట వీథుల అధికారి పనియనియు జేన్ వాదించెను. అతడు ఒప్పుకొనలేదు. తుదకు ఆమె మేయరునే తన గుఱ్ఱపుబండిలో ఎక్కించుకొని ఆ వీథి మొదటికి దీసికొనివచ్చి చూపెను. మేయరు ఆమె పక్షముననే తీర్పు చెప్పెను.

ఆ పేటలోని స్త్రీలలో అనేకులకు ఆమె చేయు పని మొదట నచ్చలేదు. చెత్తబండ్ల వెంట తిరుగుట ఆడుదానికి తగదని వారు తలచిరి. ఇల్లిల్లు తిరిగి రోగులకు ఉపచారము చేయుట స్త్రీకి తగిన పనియే యైనప్పుడు, ఆ రోగములు పుట్టకుండ అదే వీథులలో తిరుగుటయు తగిన పనియే యని ఆమె ఓపికతో నచ్చజెప్పెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పట్టభద్రురాలైన అమాండా జాన్సన్ ఆమెకు సహాయకురాలై, పిదప ఆ బాధ్యతను తాను స్వీకరించెను.

కొంతకాలమునకు ఫలము కానవచ్చెను. నగరపు వార్డులలో మరణముల విషయమున మూడవ స్థానముననున్న 19వ వార్డు ఏడవ స్థానమునకు దిగెను. ఈ సంగతిని స్త్రీల సంఘ సమావేశమున చదివి వినిపించినప్పుడు సభ్యురాండ్రందరు చప్పట్లు చరచిరి. వేసవిరాత్రులు సందులలో తిరిగిన ఆ యిల్లాండ్రకు అది తమ జయమే యని తోచెను.

కాని మంచిపనికి శత్రువులు లేకపోరు. ఆ వార్డు ప్రతినిధియైన జానీ పవర్స్ బలవంతుడు. పేదలకు ఉద్యోగము లిప్పించి, పండుగలకు కానుకలు పంచి, వారి కష్టసుఖములలో పాల్గొని వోట్లను గుత్తగొనినవాడు. హల్ హౌస్‌వారు ఎన్నికలలో అతని నెదిరించిరి గాని ఓడిపోయిరి. అతడు నగరసభలో క్రొత్త నిబంధన నొకదానిని తెచ్చి, చెత్త ఇన్‌స్పెక్టరు పదవినే తీసివేయించెను. దానికి బదులు ఏర్పడిన పదవికి పురుషులు మాత్రమే అర్హులు. ఇట్లు స్త్రీలు చేసి చూపిన పని వారి చేతినుండి జారిపోయెను.

అయినను వారు కనిపెట్టి చూచుట మానలేదు. 1902లో చికాగోలో సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు, వ్యాపించెను. నగర జనములో 36వ వంతు మాత్రమే యున్న ఆ వార్డున, మొత్తము మరణములలో 6వ వంతు సంభవించెను. హల్ హౌస్‌లో నివసించుచుండిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, తోటివారితో గూడి ఇల్లిల్లు తిరిగి, మరుగుదొడ్ల దుస్థితిని, ఈగల వ్యాప్తిని పరిశీలించి నివేదిక వ్రాసెను. దాని ఫలితముగ జరిగిన విచారణలో పారిశుద్ధ్యశాఖ యందలి 24 మంది ఉద్యోగులలో 11 మంది తొలగింపబడిరి. మంచినీటి గొట్టములలో మురుగు కలియుట ఆ జ్వరమునకు ముఖ్యకారణమని హామిల్టన్ తరువాత తెలిసికొని, ఆ సంగతిని గూడ దాచక వెల్లడించెను. సత్యము నారయువారికి ఇదియే తగిన నడవడి.

జేన్ ఆడమ్స్ పేరు క్రమముగ ప్రపంచమంతట వ్యాపించెను. బాలనేరస్థులకు ప్రత్యేక న్యాయస్థానము 1899లో చికాగోలో ఏర్పడుటకు హల్ హౌస్‌వారి కృషి తోడ్పడెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో హేగ్ నగరమున జరిగిన అంతర్జాతీయ స్త్రీల సభకు ఆమె అధ్యక్షత వహించెను. యుద్ధము వలదనినందుకు స్వదేశీయులే ఆమెను దూషించిరి. ఆమె చలింపలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమానము ఆమెకును, నికొలస్ మర్రే బట్లరునకును కలిపి ఈయబడెను. ఆ బహుమానమును పొందిన అమెరికా స్త్రీలలో ఆమెయే మొదటిది. 1935 మే 21వ తేదీన ఆమె చికాగోలో మరణించెను. ఆమె దేహమును జన్మస్థలమైన సెడర్‌విల్‌లోనే సమాధి చేసిరి. ఆమె నివసించిన పాత భవనము తరువాత ప్రదర్శనశాలగా మార్చబడెను.

జేన్ ఆడమ్స్ ధనవంతుని కుమార్తె. శుభ్రమైన వీథిలో మేడ కట్టుకొని సుఖముగ నుండగలిగియు, చెత్త నడుమ నివసింప నెంచుకొనెను. ఆమె జీవితమున విద్యార్థులు గ్రహింపదగినది మరియొకటి కలదు. పేట చెడుటకు చెత్త పారవేయువాడు, తీయక విడుచు కంట్రాక్టరు, చూచియు చూడనట్లుండు ఉద్యోగి, నాకేమి యని తొలగిపోవు పొరుగువాడు అందరును కారకులే. అందుచేతనే ఆమె బోధించుటతో ఆగక లెక్కించెను. లెక్కించుటతో ఆగక అధికారుల నడిగెను. వారు చేయకున్న తానే పనిలోనికి దిగెను. పదవి పోయినను ఆమె నేర్పిన పని పోలేదు. తన గుమ్మము దాటించిన చెత్త ఎక్కడకు బోవుచున్నదో విచారించు అలవాటు ఆ పేటలోని ఇల్లాండ్రకు అలవడెను. ఆ అలవాటు ప్రతి యూరివారికిని అవసరమైనదే.